ఆయిలు పెరిగిన కారు

మా వదినె మునెమ్మకు మనుషులు గుర్తుండటం మానేసి రెండేళ్ళయింది. కొడుకు ప్రవీణ్‌ను బ్యాంకు నుంచి వచ్చిన మనిషి అనుకుంటుంది. వాడు అన్నం కలిపి తెస్తే, ముందు సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంటుంది. నన్ను వంటమనిషి కింద జమకట్టింది. పప్పులో పులుపు ఎక్కువైందనీ, వచ్చే నెల నుంచి రావద్దనీ చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మాట ఆమె కడుపులోనే ఉండిందేమో, మతితో పాటు మొహమాటం కూడా పోయిందేమో అని నా అనుమానం.

ఆమెకు మిగిలిందల్లా ఒక శబ్దం. మా కారు శబ్దం.

మాది తెల్ల అంబాసిడర్, పెట్రోలు బండి. వయసు నలభై దాటింది. పులివెందులలో వాళ్ళ వీధి మలుపు తిరిగేటప్పుడు గేరు మార్చగానే ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, మళ్ళీ గురగురమంటూ సాగుతుంది. ఆ దగ్గు చెవిన పడిందంటే మునెమ్మ మంచం దిగుతుంది. కొంగు సర్దుకుని వాకిట్లోకి వచ్చి, "మా నారాయణ వచ్చె," అంటుంది. మా ఆయన కారు దిగగానే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. ఆ పూటంతా ఆయన ఆమెకు తమ్ముడే. తల్లి పోయేనాటికి ఆయనకు నాలుగేళ్ళు, ఆమెకు పన్నెండు. చంకనేసుకుని పెంచింది ఆమే. కారు కొన్న రోజు ఆయన దాన్ని నేరుగా అక్క వాకిటికే తోలాడు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది కూడా ఆమే.

పోయిన దసరాకు కారును రంగు వేయడానికి ఇచ్చి, మా ఊరు జమ్మలమడుగు నుంచి బస్సులో పోయాం. ఆయన వాకిట్లో నిలబడి "అక్కా" అన్నాడు.

"ఏం అమ్మేదానికి వచ్చినావు నాయనా? మాకేం వద్దు," అంది మునెమ్మ.

ఆయన మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని, ఏమీ అమ్మకుండానే తిరిగొచ్చాడు. ఆ తర్వాత రెండు వారాలకొకసారి, ఆదివారం, తప్పకుండా కారులోనే పోతున్నాం. కారు ఉన్నంతకాలం ఆయనకు అక్క ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆయన ఆ కారును తుడిచే పద్ధతి చూస్తే తెలిసేది.

మాఘం వెళ్ళి ఎండలు ముదరగానే కారు ఆగిపోవడం మొదలుపెట్టింది. జమ్మలమడుగులో బాగానే బయలుదేరేది. ముద్దనూరు దాటి ఎత్తు ఎక్కేసరికి రెండుసార్లు ముందుకు తూలి, నిలబడిపోయేది. ఆయన దిగి, బానెట్ ఎత్తి, నీళ్ళలో ముంచిన గుడ్డను పెట్రోలు పంపు మీద కప్పేవాడు. పాత కార్లలో ఆ పంపు కరెంటు మీద నడిచేది కాదు. ఇంజను పక్కకే అతుక్కుని ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే లోపల ఒక రబ్బరు పొర పైకీ కిందికీ ఆడుతూ, వెనక ట్యాంకులోని పెట్రోలును లాగి ముందుకు తోస్తుంది. ఎండాకాలంలో పంపు వేడెక్కి, పెట్రోలు ఆవిరై, దారి మూసుకుపోతుందని ఆయన వాదన. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు ఆగితే బండి కదిలేది, కాబట్టి వాదన నిజమే అయింది. మా జిల్లాలో పాలు విరిగినా, కోడళ్ళు అలిగినా, ఉద్యోగాలు రాకపోయినా ఎండ మీదికే తోస్తాం. కారును మాత్రం ఎందుకు మినహాయించాలి?

గుడ్డ నాది. అంటే, ఒకప్పుడు నా మామిడిపిందెల అంచు చీర. అందులో ఒక ముక్క పంపు మీదికి, ఇంకో ముక్క ఆయిలు చూడటానికి. ఆయన ప్రతి ఆదివారం పొద్దున, దేవుడికి దీపం పెట్టేలోపే, ఇంజనులోంచి ఆయిలు గేజి అనే పొడవాటి ఇనుప పుల్లను లాగి, నా చీరముక్కతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, గీత దగ్గర ఎంత ఉందో చూస్తాడు. ముద్దనూరు దగ్గరి థర్మల్ ప్లాంటులో గేజీలు చూసే సెక్షనులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషి. నేను జ్వరమొచ్చిందంటే నమ్మడు, థర్మామీటరు చెప్పాలి.

ఉగాదికి ముందు ఒక ఆదివారం ఆయన మొహం వెలిగింది.

"స్వర్ణా, ఇట్రా. ఈ బండి ఆయిలు తాగుతాండ్లేదే. పోయిన నెల గీతకు కింద ఉన్నింది. ఇప్పుడు గీత మీద ఉండాది."

"మీరు పోసినారా?"

"చుక్క గూడా పోయలే. నలభై ఏండ్ల ఇంజను, లెవెల్ తగ్గల్యా. పెరిగింది."

ఆ మాట ఆయన వీధంతా చెప్పాడు. పాల కేంద్రం దగ్గర చెప్పాడు. కొత్త కారు కొన్న ఎదురింటాయనకు ప్రత్యేకంగా వెళ్ళి చెప్పాడు. నెల తిరిగేసరికి ఆయిలు గీత మీద ఒక వేలు, తర్వాత రెండు వేళ్ళు పెరిగింది. ఆయన దాన్ని పసిబిడ్డ ఎత్తు కొలిచినట్టు కొలిచేవాడు. పెరిగే ఆయిలును మార్చడమెందుకని, ఆ ఏడు మార్చాల్సిన ఆయిలు కూడా మార్చలేదు.

గుడ్డ ఉతికేది మాత్రం నేను. ఇన్నేళ్ళూ ఆ మరక ఏ సబ్బుకూ లొంగేది కాదు. ఉగాది వారం ఉతికితే, బియ్యం కడిగిన నీళ్ళంత తేలిగ్గా వదిలింది. వాసన చూశాను. ఆయిలు వాసన కాదు.

"ఈ గుడ్డ పెట్రోలు వాసన వస్తాంది," అన్నాను.

"పెట్రోలు కారు గదా. మల్లెపూల వాసన రావాల్నా?" అన్నాడు, పేపరు మీంచి తల ఎత్తకుండా.

నేను ఇంకేమీ అనలేదు. అందులో నా గొప్పతనమేమీ లేదు. బీయస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. రెండు వాసనల మధ్య తేడా చెప్పడానికి ఆ డిగ్రీ కూడా అక్కర్లేదు. కానీ అలిగాను. ఒకరోజు నడిరోడ్డు మీద నిలబడి, ఈ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని, "నువ్వు చెప్పిందే నిజం స్వర్ణా" అని ఆయనే అంటాడు, అనాలి అనుకున్నాను. ఆ రోజు కోసం ప్రతి వారం గుడ్డ ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చాను. ప్రతి వారం వాసన కాస్త ఎక్కువయ్యేది. నా సంతోషం కూడా.

వైశాఖంలో స్టీరింగు ముందర ఎర్ర బల్బు వెలగడం మొదలైంది. ఆయిలు ఒత్తిడి తగ్గితే వెలిగే బల్బు అది.

"బల్బు పోయింది," అన్నాడు ఆయన.

"పోతే వెలుగుతాదా?"

"నీకు తెలీదు. రెండు గేజీలు రెండు మాటలు చెప్తే, కరెంటు మీద నడిచేదాన్ని అనుమానించాల. మా ప్లాంటుల మొదటి పాఠమే అది. పుల్ల యాడన్నా అబద్ధం చెప్తాదా? ఆయిలు నిండా ఉండాది."

వెలుగు కళ్ళలో పడుతోందని విసుక్కున్నాడు. నేను నొసటి స్టిక్కరు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బల్బు మీద అంటించాడు. మెరూన్ రంగు, సరిగ్గా సరిపోయింది. నవ్వుకున్నాను కూడా.

జ్యేష్ఠంలో ఒక ఉదయం కారు మా వీధి కూడా దాటలేదు. ఎండ ఇంకా ఎక్కలేదు, కాబట్టి దాని మీదికి తోయడానికి వీల్లేకపోయింది. తడిగుడ్డ మార్చుకుంటూ, నాలుగుచోట్ల ఆగుతూ ప్రొద్దుటూరు చేరాం. మైదుకూరు రోడ్డులో నూరుల్లా షెడ్డు. డెబ్బై దాటిన మనిషి. కంప్యూటరు పెట్టకుండా ఇంజను చూసేవాళ్ళలో ఆ ఊళ్ళో ఆయన చివరివాడు. ఆయనా మా ఆయనా ఒకరినొకరు మామా అనుకుంటారు. కారు లేకపోతే ఆ చుట్టరికం కూడా లేదు.

నూరుల్లా ముందు ఏమీ అడగలేదు. పంపు నుంచి కార్బురేటరుకు పోయే పెట్రోలు పైపు విప్పి, దాని కొసను ఖాళీ నీళ్ళ సీసాలో పెట్టాడు.

"మామా, సెల్ఫ్ కొట్టు. నేను ఆపమనేదాకా కొట్టు."

ఇంజను తిరిగింది. సీసాలోకి ఒకసారి సన్నగా చిమ్మింది. తర్వాత గాలి. తర్వాత రెండు చుక్కలు.

"మేక పాలు పిండినట్ల సర్రుసర్రున రావాల," అన్నాడు నూరుల్లా. "పంపు పాయ."

"ఎండకు ఆవిరి పడతాందేమో మామా."

"పొద్దున తొమ్మిదికి ఎండేం జేస్తాది? ఆ సూర్యుని మీద ఎన్ని కేసులు పెడ్తారప్పా మీరు?"

తర్వాత ఆయిలు గేజి లాగాడు. గీత వైపు చూడనే లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"లెవెల్ చూడు మామా," అన్నాడు మా ఆయన. అప్పటికీ ఆ గొంతులో కొంచెం గర్వం మిగిలే ఉంది. "ఉగాది కాన్నుంచి చుక్క పోయలే."

నూరుల్లా వేళ్ళు తుడుచుకున్నాడు. "ఇది ఆయిలు కాదు మామా, చారు. పంపుల రబ్బరు చినిగింది. పైకి పోవాల్సిన పెట్రోలు కిందికి దిగి ఆయిల్ల కలుస్తాంది. నీ ఆయిలు పెరగల్యా. పెట్రోలు కలిసి నీళ్ళయిపాయ."

మా ఆయన పుల్ల అందుకుని మళ్ళీ గీత వైపే చూశాడు.

"ఇన్ని దినాలు ఇంట్ల ఎవురికీ వాసన రాల్యా?" అన్నాడు నూరుల్లా.

"నాకొచ్చింది," అన్నాను. "గుడ్డ ఉతికేటప్పుడు."

మా ఆయన నా వైపు తిరిగాడు. "ఒక్కసారి చెప్తివి."

"మల్లెపూల వాసన రావాల్నా అంటిరి."

"రెండోసారి చెప్పాల గదా స్వర్ణా."

నూరుల్లా స్పానరు వెతుక్కోవడానికి అటు తిరిగాడు. స్పానరు ఆయన చేతిలోనే ఉంది.

పంపు విప్పి చూపించాడు. నల్లటి రబ్బరు పొర, నడుమ గోరంత చీలిక. ఇప్పటి పెట్రోలులో కలిపే స్పిరిటుకు పాత రబ్బరు ఆగదన్నాడు. డబ్బాలన్నీ గాలించి, ఎప్పటిదో ఒక పొట్లం తీసి, అందులో మిగిలిన చివరి రబ్బరు వేసి బిగించాడు. పాత ఆయిలు దింపితే చారులాగే జారింది. కొత్త ఆయిలు పోశాడు. ఈసారి సీసాలోకి పెట్రోలు మేకపాలలాగే వచ్చింది. మా ఆయన మొహంలోకి రక్తం వచ్చింది.

అప్పుడు నూరుల్లా లోపలికి వంగి, స్టీరింగు ముందర చూశాడు.

"ఇదేంది, కారుకు బొట్టు పెట్టినారు?"

"నాదే," అన్నాను.

స్టిక్కరు గోటితో లేపి నా అరచేతిలో పెట్టాడు. స్టార్టు చేశాడు. కొత్త ఆయిలుతోనూ ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఆ పిడిని తర్వాత మా ఆయన చెవికి ఇచ్చాడు. నాక్కూడా ఇచ్చాడు. గురగుర వెనక, ఎవరో తలుపు మీద వేలిముడితో కొడుతున్నట్టు ఒక చప్పుడు.

"పంపు బాగాయ మామా. ఇంజను బాగలేదు. మూన్నెల్లు పల్చటి ఆయిలు మీద తిరిగి బేరింగులు అరిగినాయి. ఆ బల్బు అదే చెప్తాండె."

"మారిస్తే?"

"ఈ బండికి బేరింగులు యాడ దొరకల్ల? మూడు నెల్లు వెతకాల. దొరికితే మారుస్తా. డీజిల్ ఇంజను కావాలంటే వారంల ఏసిస్తా, హాయిగ తిరుగు."

"శబ్దం మారుతాదా?"

"మారక? ఇంకా మంచిగ వస్తాది."

"మంచిది వద్దు," అన్నాడు మా ఆయన.

నూరుల్లాకు అర్థం కాలేదు. నేను మునెమ్మ సంగతి చెప్పాను. ఆయన బీడీ వెలిగించబోయి, పెట్రోలు చేతులు గుర్తొచ్చి జేబులో పెట్టేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రవీణ్ ఫోన్ చేశాడు. "మామా, అమ్మ మొన్న కాన్నుంచి అన్నం ముట్టడంలే. నారాయణ వచ్చినాక తింటా అంటాంది. ఎంత చెప్పినా వినడంలే. ఈ పొద్దు రాలేరా?"

మా ఆయన నూరుల్లా వైపు చూశాడు.

"స్పీడు ముప్పై దాటకుండా పో," అన్నాడు నూరుల్లా. "పోతే ఒకసారి పోతాదేమో. తిరిగొస్తాదో లేదో నేను చెప్పలేను." తర్వాత నాతో, "మ్మా, ఇది ఉండంగనే ఈ శబ్దం ఫోన్ల పట్టుకో. పనికొస్తాదేమో," అన్నాడు. బానెట్ ఎత్తి ఉంచాడు. నేను రెండు నిమిషాలు రికార్డు చేశాను.

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఎడ్లబండి వేగంతో పోయాం. సైకిళ్ళు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూశాయి. కారు ఒక్కచోట కూడా ఆగలేదు. ముద్దనూరు ఎత్తు, ఇన్నాళ్ళూ తడిగుడ్డ కప్పుకుని కూర్చున్న చోటు, తూలకుండా ఎక్కేసింది. ఆ పంపు అంత బాగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. ఎర్ర బల్బు మాత్రం ఆరలేదు. ఆయన దానివైపు చూడకుండా తోలాడు, నేను దానివైపే చూశాను.

"నేను రెండోసారి చెప్పింటే వినేవాళ్ళా?" అన్నాను ఎత్తు దిగాక.

"వినేవాన్ని కాదేమో," అన్నాడు. "అయినా చెప్పాల్సింది."

అది నిజం. ఆయన మీద గెలవాలనుకున్నానే తప్ప, ఆ గుడ్డలో వదినె కూడా ఉందని నాకు తోచలేదు.

తొండూరు దాటాక వేలిముడి చప్పుడు సుత్తి చప్పుడైంది. పులివెందుల ఇళ్ళు కనిపించాయి. మునెమ్మ ఇంటికి రెండు కిలోమీటర్లు ఉందనగా కారు కీచుమని అరిచి, వెనక చక్రాలు ఈడ్చుకుంటూ బిగుసుకుపోయింది. తాళం తిప్పితే టక్కుమంది, అంతే. నూరుల్లాకు ఫోన్ చేస్తే, "పట్టేసింది మామా. ఇంక దాన్ని ఏం అడగొద్దు," అన్నాడు.

ప్రవీణ్ ట్రాక్టరు తెచ్చి తాడు కట్టాడు. మా ఆయన స్టీరింగు వదల్లేదు. వీధి మలుపు దగ్గర, చచ్చిన బండిలో, అలవాటుగా క్లచ్ తొక్కిపట్టి గేరు కూడా మార్చాడు. ట్రాక్టరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

మునెమ్మ వాకిట్లోనే కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మా ఆయన దిగి ముందుకెళ్ళి, "అక్కా," అన్నాడు.

"ఎవురు నాయనా? ట్రాక్టరోళ్ళా?"

"నేనక్కా. నారాయణ. కారు చూడు."

ఆమె కారు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మా నారాయణది గూడా ఇట్లాంటిదే," అంది. "కానీ అది మాట్లాడతాది."

నేను ఫోన్ తీశాను. శబ్దం పూర్తిగా పెంచి, ఆమె వెనకగా నిలబడి పెట్టాను. షెడ్డులో పట్టిన గురగుర, సన్నగా, రేకుల డబ్బాలోంచి వచ్చినట్టు మోగింది. ఆమె తల వంచి విన్నది.

"ఎవుర్దో ఫోన్ మోగుతాంది," అంది మునెమ్మ. "ఎత్తండమ్మా, అవతల ఎవురో పాపం కాచుకోనుంటారు."

ఆపేశాను.

ప్రవీణ్ అన్నం తెచ్చాడు. పప్పు, రెండు ఊరమిరపకాయలు. "నారాయణ మామ వచ్చినాడు గదమ్మా, తిను," అని బతిమాలాడు. ఆమె వాడిని మందలించింది. బయటి మనుషులు ఎండన పడి వస్తే, వాళ్ళ ముందు కూర్చుని తాను తినడమేమిటని. పళ్ళెం తీసుకుని మా ఆయన ముందు పెట్టింది.

"నువ్వు తిను నాయనా. యాడ తిన్నావో ఏమో. నాదేముంది, మా వాడు వచ్చినాక తింటా."

"నువ్వు తినక్కా."

"అట్లనద్దు. మా ఇంట్ల అన్నం వద్దంటే నాకు బాధ."

ఆయన కింద కూర్చుని తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, కొంగుతో ఈగలు తోలుతూ చూసింది. ఆయన మిరపకాయ తొడిమ తుంచి పళ్ళెం అంచున పెట్టినప్పుడు, "మా వాడు గూడా ఇట్లే తొడిమ పక్కకు పెడతాడు," అంది. ఒక్క క్షణం ఆమె చెయ్యి గాల్లో ఆగింది. తర్వాత ఈగ మీదికి పోయింది.

ఐదున్నర బస్సుకు మేం లేచాం. మునెమ్మ నా చేతి నుంచి సంచి లాక్కుంది.

"ఇంతలోకే బస్సేల? కూసోండి. మా నారాయణ వస్తాండు. వానికి చెప్తా, కార్ల తీసకపోయి దించుతాడు."

మా ఆయన అరుగు మీద మళ్ళీ కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ముగ్గురం వీధి మలుపు వైపు చూస్తూ ఉండిపోయాం.